పని చేస్తూ సెక్యూరిటీ పరీక్ష రాసేవాళ్ళకు కావాల్సింది పొగడ్తలు కాదు

పోస్టు పొడుగ్గా ఉంటుంది, మెస్సు లైన్‌లో నిలబడి కాకుండా రాత్రి తీరిగ్గా చదవండి.

ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీ సర్టిఫికెట్ల మీద మన పిల్లల్లో ఇప్పుడు రెండు మాటలు నడుస్తున్నాయి. "ఈ ప్రైవేటు సర్టిఫికెట్లు మనకెందుకు, బుద్ధిగా గ్రూప్స్‌కి చదువుకోక" అని కొందరు అన్నలు అంటారు. ఇంకోపక్క "మూడు నెలల్లో ఎథికల్ హ్యాకర్, లక్షల్లో ప్యాకేజీ" అని కోచింగ్ సెంటర్ల పాంప్లెట్లు హాస్టల్ గోడల దాకా వచ్చేశాయి. మొదటి మాట వింటే ఒక దారి మూసుకుపోతుంది. రెండో మాట నమ్మితే ఇంట్లో మేకలు అమ్మిన డబ్బులు పోతాయి. ఈ రెండూ కాకుండా మాకు ఒక అభిప్రాయం ఉంది, అది చెప్పడానికే ఈ పోస్టు.

మేము అంటే హైదరాబాద్‌లో గిరిజన సంక్షేమ హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదివే నలుగురం. నలుగురి ఇళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఒకరు సాయంత్రాలు ఆన్‌లైన్ అప్లికేషన్లు నింపే జిరాక్స్ షాపులో చేస్తారు. ఒకరు రాత్రి షిఫ్టు కస్టమర్ కేర్. ఇద్దరు శని, ఆదివారాలు డెలివరీ పని. నలుగురం కలిసి కాంప్టియా వాళ్ళ సెక్యూరిటీ ప్లస్ పరీక్షకు చదువుతున్నాం. ఇంకా రాయలేదు కాబట్టి విజయగాథ చెప్పడం లేదు. చదువుతుంటే కళ్ళకు కనబడిన లెక్కలు మీ ముందు పెడుతున్నాం.

మా మాట ఇది. ఈ పరీక్షలు మనవాళ్ళు రాయాలి. కాకపోతే ఏది ఎప్పుడు రాయాలో వయసు చూసుకుని, జేబు చూసుకుని తేల్చుకోవాలి. ఫీజూ, టైమూ, చోటూ మొత్తం ఒక్క పిల్లవాడి నెత్తిన వేసి, వాడు ఎట్లాగో గట్టెక్కితే తర్వాత శాలువా కప్పే పద్ధతి పోవాలి. సాయం ముందు చేయాలి.

*మనకెందుకు అనేవాళ్ళకు*

సెక్యూరిటీ పుస్తకం ఏది తెరిచినా మొదటి పాఠంలో మూడు మాటలు ఉంటాయి. కాన్ఫిడెన్షియాలిటీ, ఇంటెగ్రిటీ, అవైలబిలిటీ. మా సీనియర్ ఒకాయన వీటిని కార్పొరేట్ మాటలు అన్నాడు. మాకు మాత్రం ఊరే గుర్తొచ్చింది.

రేషన్ షాపు ముందు పొద్దున్నుంచి నిలబడితే మిషన్ పనిచేయదు, సర్వర్ లేదంటారు. నాలుగు కిలోమీటర్లు నడిచి వచ్చిన ముసలమ్మ ఖాళీ సంచితో వెనక్కి పోతుంది. పుస్తకం దీన్నే అవైలబిలిటీ పోవడం అంటుంది. పట్టా పాస్‌బుక్‌లో రెండెకరాలు ఉండాల్సింది ఎకరం అని పడితే, పేరులో ఒక అక్షరం తప్పు పడి రైతు సాయం ఆగిపోతే, అది ఇంటెగ్రిటీ పోవడం. ఇక మనిషి వేలిముద్ర ఇంకొకడి చేతికి పోతే అది కాన్ఫిడెన్షియాలిటీ పోవడం.

ఈ మూడోదాని దగ్గర కాసేపు ఆగుదాం. మన ఊళ్ళల్లో ఏటీఎం తక్కువ. ఉపాధి కూలి డబ్బులైనా, ఇంకేవైనా చాలామంది వేలిముద్ర పెట్టే తీసుకుంటారు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు, ఓటీపీ కూడా అడగదు. చదువు రానోళ్ళకు అది మంచి సౌకర్యం, కాదనం. కానీ భూమి రిజిస్ట్రేషన్ కాగితాల మీద ఉన్న వేలిముద్రల్ని దించి, నకిలీ ముద్రలు తయారుచేసి, ఖాతాలు ఖాళీ చేసిన ముఠాలు మన దేశంలో పట్టుబడ్డాయి. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు. వేలు ఎట్లా మార్చుకుంటాం?

మీ ఇంట్లోవాళ్ళ బయోమెట్రిక్‌ని ఆధార్ యాప్‌లో లాక్ చేయొచ్చు, డబ్బు తీసే రోజు తెరిచి మళ్ళీ మూయొచ్చు. డబ్బు పోతే 1930కి వెంటనే ఫోన్ కొట్టాలి, ఆలస్యం చేసేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది. ఈ రెండు సంగతులు ఈ పరీక్షకు చదవకముందు మాలో ముగ్గురికి తెలియవు. ఇప్పుడు మా నాలుగు ఇళ్ళకూ, చుట్టుపక్కల ఇళ్ళకూ తెలుసు. సర్టిఫికెట్ చేతికి రాకముందే చదువు ఇంత పని చేసింది. మన వేలిముద్రలు, మన పట్టాలు ఏ కంప్యూటర్లలో ఉన్నాయో, వాటికి కాపలా కాసే గదుల్లో మనవాళ్ళు కూడా కూర్చోవాలి. మాకు కనబడే అసలు కారణం ఇదే, జీతం దాని తర్వాత.

*గ్రూప్స్ రాసుకోక అనేవాళ్ళకు*

గ్రూప్స్ రాయండి, మేమూ రాస్తాం. కానీ ఒక్క దారినే నమ్ముకోమనడం సరికాదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో ఇచ్చిన జీవో నంబరు 3ని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. టీటీసీ, బీఎడ్ చేస్తే ఊళ్ళో టీచరు కావచ్చన్న మన అక్కల, అన్నల నమ్మకానికి అది పెద్ద దెబ్బ. హక్కు కోసం కొట్లాట వేరు, అది నడవాలి. పిల్లల బతుకుదెరువుకు రెండో దారి చూపడం వేరు, అదీ నడవాలి.

ఈ రంగంలో పని ఉందా అంటే ఉంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ దాడి జరిగినట్టు తెలిసిన 6 గంటల్లో కంపెనీలు రిపోర్టు చేయాలి, లాగులు 180 రోజులు దాచాలి. రాత్రి రెండింటికి దాడి జరిగినా ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి. అందుకే సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్లు మూడు షిఫ్టుల్లో నడుస్తాయి. కొత్తవాళ్ళు సాధారణంగా మొదట కూర్చునేది అక్కడే. సర్టిఫికెట్ ఉంటే ఉద్యోగం గ్యారంటీ అని మేం చెప్పం, అట్లా చెప్పేవాడిని నమ్మొద్దు కూడా. ఇంటర్వ్యూ దాకా పిలుపు రావడానికి అది ఒక సాకు. ప్రైవేటులో రిజర్వేషన్ లేదు, రిఫర్ చేసే మేనమామలూ మనకు లేరు. అటువంటప్పుడు ఆ సాకు మనకు ఇంకాస్త ఎక్కువ అవసరం.

*ఏ పరీక్ష ఎవరికి*

అన్నిటికన్నా పేరున్నది సీఐఎస్ఎస్పీ, ఐఎస్‌సీ2 అనే సంస్థ పెడుతుంది. మన పిల్లలు కొందరు దీన్నే మొదట పట్టుకుంటున్నారు. ఇది ఇరవై ఏళ్ళవాళ్ళ పరీక్ష కాదు. మొత్తం 8 విభాగాలు, వాటిలో కనీసం రెండింట్లో 5 ఏళ్ళు జీతం తీసుకుని పనిచేసి ఉండాలి. తగిన డిగ్రీ గానీ, ఆ సంస్థ ఒప్పుకునే సర్టిఫికెట్ గానీ ఉంటే అందులో ఒక్క ఏడాది తగ్గుతుంది. అనుభవం లేకుండా పాసైతే అసోసియేట్ అంటారు, ఆ అనుభవం సంపాదించడానికి 6 ఏళ్ళు గడువిస్తారు. పరీక్ష 3 గంటలు, 100 నుంచి 150 ప్రశ్నలు, ఒకసారి జవాబు పెడితే వెనక్కి పోవడం కుదరదు. వెయ్యికి 700 రావాలి.

ఇప్పటికే సెక్యూరిటీ పనిలో ఉన్న అన్నలు, అక్కలు దీనికి సిద్ధం కావాలి. వారానికి 20 గంటలకు తక్కువ కాని పార్ట్‌టైం పని, ఇంటర్న్‌షిప్ కూడా అనుభవం కింద లెక్కకొస్తాయి, కాకపోతే కాగితం ఉండాలి. కాబట్టి ఎక్కడ చేసినా లెటర్‌హెడ్ మీద ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏం పని చేశారో రాయించుకోకుండా బయటికి రావద్దు.

మా వయసువాళ్ళకు సెక్యూరిటీ ప్లస్ సరిపోతుంది. రెండేళ్ళ అనుభవం ఉంటే మంచిదంటారు గానీ తప్పనిసరి కాదు. 90 నిమిషాలు, గరిష్ఠంగా 90 ప్రశ్నలు, 900కి 750 రావాలి. మూడేళ్ళు చెల్లుతుంది. తర్వాత రెన్యువల్‌కి మళ్ళీ కొంత చదువు, కొంత ఫీజు ఉంటాయి.

ఐఎస్‌సీ2 వాళ్ళదే సీసీ అని ఇంకా చిన్న పరీక్ష ఉంది. పది లక్షల మందికి శిక్షణ, పరీక్ష ఉచితం అని 2022లో ప్రకటించారు. రిజిస్టర్ అయ్యేముందు ఇప్పటి నియమాలు వాళ్ళ సైట్‌లోనే చూసుకోండి. ఉచితం అన్నా, పాసయ్యాక సర్టిఫికెట్ నిలవాలంటే ఏడాదికి 50 డాలర్లు కట్టాలి. అంటే నాలుగు వేలు దాటుతుంది. ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి.

ఇక ఎథికల్ హ్యాకింగ్ పాంప్లెట్ల సంగతి. సీఈహెచ్ పరీక్ష రాయాలంటే ఈసీ-కౌన్సిల్ అధికారిక శిక్షణ తీసుకోవాలి, లేదా సెక్యూరిటీలో రెండేళ్ళు పనిచేసి 100 డాలర్లు కట్టి విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. మేం ఒక సెంటర్‌కి పోయి "మీకు అధికారిక అనుమతి ఉందా, పరీక్ష ఫీజు ఇందులో కలిసే ఉందా" అని అడిగాం. రెండు ప్రశ్నలకూ జవాబు రాలేదు, ఈరోజే కడితే డిస్కౌంట్ అన్నారు. మీరు ఎక్కడికి పోయినా ఈ రెండు ప్రశ్నలు అడగండి. జవాబు కాగితం మీద ఇస్తేనే డబ్బు తీయండి.

*ఫీజు లెక్క*

సీఐఎస్ఎస్పీ ఫీజు 749 డాలర్లు, మన రూపాయల్లో అరవై వేల పైమాటే. 2025-26లో మన దగ్గర ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. నూరు రోజులూ పని దొరికినా ఏడాదికి 30,700. ఒక్క పరీక్ష ఫీజు అంటే ఒక కుటుంబం రెండేళ్ళ ఉపాధి కూలి. సెక్యూరిటీ ప్లస్ అంతకన్నా తక్కువే అయినా పది వేలు ఎప్పుడో దాటింది, ఫెయిలైతే మళ్ళీ పూర్తి ఫీజు. డబ్బున్న ఇంటి పిల్లవాడు ఫెయిలైతే వచ్చే నెల మళ్ళీ రాస్తాడు. మనవాడు ఫెయిలైతే ఆ రంగాన్నే వదిలేస్తాడు. తెలివిలో తేడా లేదు, రెండో ఛాన్సులో తేడా ఉంది.

ఈ లెక్క తెలిసే టెలిగ్రాంలో డంపులు అమ్మేవాళ్ళు మనలాంటోళ్ళను వెతుక్కుంటారు. అసలు ప్రశ్నలు, అయిదొందలకే అంటారు. వాటి జోలికి పోవద్దు. పట్టుబడితే సర్టిఫికెట్ రద్దు చేస్తారు, మళ్ళీ రాయనివ్వరు. పైగా మనం చేయబోయేది కాపలా పని. దాంట్లోకి దొంగదారిన పోతే మన మాట ఎవరు నమ్ముతారు?

*పని చేస్తూ ఎట్లా చదువుతున్నాం*

ఉన్నదున్నట్టు చెప్తాం, పనికొస్తే వాడుకోండి. పొద్దున 5 నుంచి 6:30 దాకా వారానికి ఆరు రోజులు, మొత్తం 16 వారాలు. లెక్కేస్తే 144 గంటలు. రాత్రి షిఫ్టు చేసే మా మిత్రుడికి ఇది కుదరదు. అతను కాలేజీ అయ్యాక నిద్రపోయి, లేచి, డ్యూటీకి పోయేముందు చదువుతాడు. నిద్ర తగ్గించి చదవడం మాత్రం వద్దని నలుగురం ఒప్పందం చేసుకున్నాం. నిద్ర లేనోడు చదివింది నిలవదు, బండి మీద పోయేవాడికైతే ప్రాణం మీదికే వస్తుంది. ఆదివారం రాత్రి గంటసేపు నలుగురం కూర్చుని ఒకరికొకరు పాఠం చెప్పుకుంటాం.

సిలబస్ కాగితం కాంప్టియా సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, దాన్ని ప్రింట్ తీసి గోడకు అంటించాం. ఇప్పుడు నడుస్తున్న ఎస్‌వై0-701 పరీక్షలో సెక్యూరిటీ ఆపరేషన్స్‌కి 28 శాతం, దాడులు, లోపాలకు 22, పాలసీలు, రిస్కుకు 20, ఆర్కిటెక్చర్‌కి 18, మౌలిక భావనలకు 12 శాతం. టైం తక్కువున్నోళ్ళు ఈ బరువు చూసి గంటలు పంచుకోవాలి. పాఠాలకు యూట్యూబ్‌లో ప్రొఫెసర్ మెస్సర్ ఉచిత వీడియోలు చూస్తున్నాం. ప్రాక్టీసు కాలేజీ ల్యాబులో, మన సొంత వర్చువల్ మెషిన్ల మీదే. సరదాకి కూడా హాస్టల్ వైఫై మీదో, కాలేజీ సైటు మీదో చేయిపెట్టొద్దు. ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు ఉంది. మనోడి మీద ఒక్క ఎఫ్ఐఆర్ పడితే ఈ రంగం తలుపు అక్కడే మూసుకుంటుంది.

అసలు కష్టం ఇంగ్లీషు. మాలో ఇద్దరికి ఇంట్లో భాష గోండి, ఒకరికి కోయ, ఒకరికి లంబాడి. బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు. ప్రశ్నలో బెస్ట్ అన్నాడా, ఫస్ట్ అన్నాడా, లీస్ట్ అన్నాడా అన్న ఒక్క మాట తేడాతో జవాబు మారిపోతుంది. అందుకే ప్రతి ప్రశ్నలో ముందు ఆ మాట కింద గీత గీస్తాం. ఆ తర్వాత పాఠాన్ని చేను దగ్గరికి తీసుకుపోతాం.

పుస్తకంలో కంట్రోల్స్ ఆరు రకాలు. మాకు మొదట్లో ఒక్కటీ గుర్తుండేది కాదు. ఇప్పుడు చేను కాపలా అనుకుంటే ఆరూ వరసగా వస్తాయి. అడవి పందులు థ్రెట్, కంచెలో సందు వల్నరబిలిటీ, పంట పోయే అవకాశం రిస్కు. కంచె కడితే ప్రివెంటివ్. దిష్టిబొమ్మ పెడితే డిటరెంట్. మంచె మీద కూర్చుని చూస్తే డిటెక్టివ్. తొక్కిపోయిన చోట మళ్ళీ విత్తితే కరెక్టివ్. ఈ ఏడు కంచెకు డబ్బు లేదు గనక రాత్రంతా మంట వేస్తే కాంపెన్సేటింగ్. "పశువుల్ని చేలల్లోకి వదలొద్దు" అని ఊరి పెద్ద చాటింపు వేయిస్తే డైరెక్టివ్. మీరు మీ భాషలో చెప్పి చూడండి, ఒక్కరోజులో వచ్చేస్తుంది. చేను కాపలా కాసిన పిల్లలకు ఈ సబ్జెక్టు కొత్తదేం కాదు, పేర్లే కొత్తవి.

పరీక్ష బుక్ చేసేముందు మూడు జాగ్రత్తలు. మొదటిది పేరు. గుర్తింపు కార్డు మీద ఎట్లా ఉందో రిజిస్ట్రేషన్‌లో అట్లాగే ఉండాలి. మనలో చాలామందికి టెన్త్ మెమోలో ఒక ఇంటిపేరు, ఆధార్‌లో ఇంకో స్పెల్లింగు. ఆ తేడా ఉంటే లోపలికి రానివ్వకపోవచ్చు, ఫీజు పోతుంది. కాబట్టి దాన్ని ఆర్నెల్ల ముందే సరిచేయించుకోండి. రెండోది చోటు. సెక్యూరిటీ ప్లస్ ఇంటి నుంచి కూడా రాయొచ్చు, కానీ గదిలో ఇంకో మనిషి ఉండకూడదు, ఎవరూ తలుపు తీయకూడదు. ఎనిమిది మంది ఉండే హాస్టల్ గదిలో అది జరిగే పని కాదు, టెస్ట్ సెంటరే తీసుకోండి. మూడోది సమయం. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళు అదనపు సమయం అడగొచ్చు, కానీ పరీక్ష బుక్ చేయకముందే అడగాలి.

*మేం అడిగేది*

ఐటీడీఏలు గ్రూప్స్‌కి, డీఎస్సీకి, కానిస్టేబుల్ ఉద్యోగాలకు కోచింగ్ ఇస్తున్నాయి. మంచిదే. అదే వరసలో వృత్తి సర్టిఫికెట్ పరీక్షల ఫీజు కూడా చేర్చాలి. అడిగినోళ్ళందరికీ ఇవ్వమనడం లేదు. కాలేజీలోనో ఐటీడీఏలోనో ఒక మాక్ టెస్ట్ పెట్టి, అందులో నిలిచినవాళ్ళకు ఒక వోచరు, ఫెయిలైతే ఇంకొక్కసారి సగం ఫీజు ఇస్తే చాలు. ల్యాప్‌టాప్‌లు పంచి ఫోటోలు దిగడానికి అయ్యే ఖర్చు కూడా కాదు ఇది.

హాస్టల్‌లో తలుపు మూసుకునే ఒక గది, నాలుగు కంప్యూటర్లు, పొద్దున అయిదింటికే కరెంటూ నెట్టూ ఉండాలి. పని చేసే విద్యార్థులకు గేటు విషయంలో రాతపూర్వక అనుమతి ఇవ్వాలి. మా వార్డెన్ సార్ మంచివారు కాబట్టి మా మిత్రుడి రాత్రి షిఫ్టు నడుస్తోంది. ఒక సార్ మంచితనం మీద మన పిల్లల చదువులు నిలబడకూడదు, రూలు ఉండాలి.

సమాజంలోని పెద్దలకు ఒక మాట. "కష్టపడి పని చేస్తూ చదువుతున్నారు, మీరే ఆదర్శం" అని మమ్మల్ని మెచ్చుకుంటారు, సంతోషం. కానీ మేం ఇష్టపడి బండి తోలడం లేదు. స్కాలర్‌షిప్ టైముకు పడక, ఇంటికి పంపాల్సింది ఉండి తోలుతున్నాం. కష్టాన్ని ఆదర్శం చేస్తే ఆ కష్టం తీసేయాల్సిన వాళ్ళు హాయిగా కూర్చుంటారు. మీటింగులో శాలువాకు పెట్టే డబ్బుతో ఒక పిల్ల ఫీజులో కొంత భాగం కట్టండి, చాలు.

ఉద్యోగాల్లో ఉన్న మన అన్నలకు, అక్కలకు ఇంకొకటి. సీఐఎస్ఎస్పీ పాసైనవాళ్ళ అనుభవం నిజమేనని ఆ సంస్థ సర్టిఫికెట్ ఉన్న ఒకరు సంతకం చేయాలి, దాన్ని ఎండార్స్‌మెంట్ అంటారు. ఎవరూ తెలియకపోతే ఆ సంస్థే పరిశీలిస్తుంది, అది వేరే సంగతి. కానీ అయిదారేళ్ళ తర్వాత మన పిల్ల ఒకామె పాసైనప్పుడు ఆ సంతకం మన గూడెంలోనో, మన తండాలోనో పుట్టిన మనిషి పెట్టాలని మా కోరిక. దానికి ఈ ఏడాదే మొదలుపెట్టాలి. సెక్యూరిటీ, నెట్‌వర్కింగ్ పనిలో ఉన్నవాళ్ళు కింద కామెంట్‌లో మీ ఊరు, చేస్తున్న పని రాయండి. నెలకు ఒక్క ఆదివారం గంటసేపు ఫోన్‌లో మా డౌట్లు తీర్చినా చాలు.

ఐటీడీఏ పీవో గారికి ఇవ్వడానికి వినతిపత్రం రాస్తున్నాం. ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం మూడు ఐటీడీఏల పరిధి పిల్లల సంతకాలు కావాలి. డిగ్రీ, బీటెక్, డిప్లొమా ఎవరైనా పర్వాలేదు. పేరు, కాలేజీ, చేస్తున్న పని ఉంటే అది కూడా రాసి పంపండి. పని చేస్తూ చదివేవాళ్ళు మనలో ఎంతమంది ఉన్నారో ముందు మనకే తెలియాలి.

జోహార్లతో,
మీ హాస్టల్ పిల్లలం